ఇంకా దిగని బంతి

“వచ్చే నెల ఒకటో తారీఖు గురించి నేను మాట్లాడను,” అని కోతల మాస్టారు టీ గ్లాసు చేతికందకముందే ప్రకటించారు. “ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికి పోతారు, ఏం చేస్తారు అని నన్నెవరూ అడగొద్దు. అడిగినా చెప్పను. ఉద్యోగం అన్నాక ఒకనాటికి అయిపోతుంది, అంతే. ఇంకేదైనా అడగండి.”

ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోయినా ఆయన చెప్పకుండా ఉండరన్న నమ్మకం మీదనే కుట్టు హాలులోని వారందరూ ప్రతి మధ్యాహ్నం తమ గ్లాసులు పట్టుకొని ఆయన బల్ల చుట్టూ చేరుతారు.

ఆ చొక్కాల కర్మాగారంలో గుడ్డ కోసే బల్ల ఆయనది. రైలుపెట్టె అంత పొడవైన ఆ బల్ల మీద నీలం గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఉంటుంది. దాని మీద అట్ట నమూనాలు, అవి కదలకుండా ఇత్తడి దిమ్మలు, సుద్దగీతలు, మరొకరు ముట్టుకోవడానికి వీల్లేని పెద్ద కత్తెర. ఉద్యోగరీత్యా ఆయన కటింగ్ మాస్టారు. కానీ ఆయన కోసేవి గుడ్డలు మాత్రమే కావు గనుక, ఎవరో చమత్కారి ఏనాడో ఆయనను కోతల మాస్టారన్నాడు. ఆయన దానిని బిరుదుగా స్వీకరించారు.

న్యాయంగా చెప్పవలసి వస్తే, మొదటి రకం కోతలో ఆయనకు సాటి లేరు. కత్తెర పెట్టేముందు గుడ్డను చాలాసేపు చూసేవారు. ఉతికితే ఏ గుడ్డ ఎంత కుదించుకుపోతుందో ముందే అంచనా వేసి, ఆ మేరకు పెద్దదిగా కోసేవారు. “చొక్కా ఇవాళ ఎంతుందని కాదు, రేపు ఉతికాక ఎంతుంటుందో దానికి కొయ్యాలి” అనేది ఆయన ఉద్యోగధర్మం. రెండవ రకం కోతలోనూ ఆయనది ఇదే పద్ధతి. వినేవాళ్ళు ఎలాగూ కొంత కుదిస్తారు గనుక, మొదటే పెద్దదిగా కోసేవారు.

ఆ మధ్యాహ్నం ఆయన మనసులో ఉన్నది ఒక బెంచి.

కర్మాగారం వెనుక పెరట్లో, రంగుల గది గోడకు ఒక బాస్కెట్‌బాల్ రింగు ఉంది. కుట్టుపని చేసే స్త్రీలలో ఐదుగురు సాయంత్రాలు అక్కడ ఆడతారు. ఆదివారం చెప్పుల కర్మాగారం జట్టుతో వారికి పోటీ. ఇంతకాలం బెంచి మీద కూర్చుని జట్టుకు మంచీచెడూ చెప్పిన గుమాస్తా వేరే శాఖకు వెళ్ళిపోయాడు. ఆ చోటు ఎవరికిస్తారో టీ విరామం ముగిసేలోగా తేల్చి చెప్పమని మేనేజరు గారు జట్టుకు కబురు పంపారు. బెంచి దక్కినవారు ఉద్యోగంలో ఉన్నా లేకున్నా ప్రతి సాయంత్రం గేటు దాటి లోపలికి రావచ్చు.

కోతల మాస్టారికి కావలసింది ఆ గేటు. ఇంట్లో ఆయన ఏ కథ మొదలుపెట్టినా, ముగింపు తానే చెప్పేసి ఆయన భార్య వంటింట్లోకి వెళ్ళిపోతుంది. చుట్టుపక్కల ఇళ్ళవారు ఆయన కనబడగానే మోగని ఫోనును చెవికి ఆనించుకుంటారు. మనిషి ఎందుకు బతకాలన్న ప్రశ్నకు పెద్దవాళ్ళు పెద్ద పెద్ద జవాబులే చెప్పి ఉండవచ్చు. ఆయనకు తెలిసిన జవాబు ఒక్కటే, చెబుతుంటే వినేవాళ్ళు ఉండాలి. ఈ హాలు పోతే వినేవాళ్ళు పోతారు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. బెంచి నాకివ్వండని నోరు తెరిచి అడగడం తన స్థాయికి తగదనుకున్నారు. వాళ్ళంతట వాళ్ళే అడగాలి.

“గేటు కాపలా అతను కూర్చుంటానన్నాడు,” అంది కాలర్ల అక్క. చొక్కాలకు కాలర్లు కుట్టే ఆమె జట్టుకు నాయకురాలు.

“అతనికి ఆటేం తెలుసు?” అన్నారు మాస్టారు.

“సొంత విజిల్ ఉంది మాస్టారూ.”

“విజిల్ కుక్కరుకీ ఉంటుంది.”

“ఇదిగో, మొదలైంది,” అన్నాడు ఇస్త్రీ బాబాయి. మాస్టారితో పాటే ఈ హాలులో అడుగుపెట్టిన మనిషి. ఆయనను నువ్వు అని పిలిచే హక్కు ఇక్కడ అతనికొక్కడికే ఉంది. టీ తాగుతూ కూడా ఇస్త్రీపెట్టె వదలడు.

మాస్టారు అతని మాట వినబడనట్టు గ్లాసులోకి చూస్తూ మొదలుపెట్టారు.

“నేనేదో పెద్ద ఆటగాణ్ణని చెప్పను. చెప్పుకోవడం నాకు చేతకాదు. నా జీవితంలో నేను రింగు వైపు వేసింది ఒకే ఒక్క బాల్.”

“ఒక్కటేనా?” అంది గుండీల పిన్ని నిరాశగా. గుండీలు కుట్టే ఆమెకు ఆట గురించి ఏమీ తెలియదు. కానీ మాస్టారు చెప్పింది నమ్మడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

“ఒక్కటే తల్లీ. కానీ ఎలాంటిది! అప్పట్లో ఆటస్థలం ఇక్కడ కాదు, అవతల బడి పక్కన ఉండేది. అది చివరి పోటీ, మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం, రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, ఇక ఊదడమే తరువాయి, సరిగ్గా అప్పుడొచ్చింది బంతి నా చేతికి. ఇంకొకడైతే ఏం చేస్తాడు? గాభరాపడి గిరాటేస్తాడు. నేనేం చేశానో తెలుసా?”

“ఏం చేశారు?”

“ఆగాను.”

“టైమైపోదూ?” అన్నాడు ఇస్త్రీ బాబాయి.

“నా చేతిలో బంతి ఉండగా విజిల్ ఊదే మగాడెవడు? ఆగానా, గాలి వీస్తోంది. పెద్ద గాలేం కాదు, ఆరేసిన జేబురుమాలు కదిలేంత. గుడ్డ మీద ముడత ఉంటే కత్తెర పెడతామా? సర్దుకునేదాకా చూస్తాం. గాలి మీద ముడత ఉంది, సర్దుకోనీ అని చూస్తున్నాను. నాకు అడ్డంగా ఒక కుర్రాడు, నిచ్చెనంత పొడుగు, చేతులు రెండూ చాపి నిలబడ్డాడు. వాడు నన్ను చూస్తాడు, నేను రింగుని చూస్తాను, రెప్ప వేస్తే ఒట్టు. జనం కాసేపు అరిచారు, గొంతులు పోయాయి, కూర్చున్నారు, కూర్చుని కూర్చుని విసుగేసి ఇళ్ళకెళ్ళి భోజనాలు చేసి దుప్పట్లు తెచ్చుకున్నారు.”

“దుప్పట్లెందుకు మాస్టారూ?”

“చలికాలం వచ్చింది కదమ్మా.”

“ఆట మొదలైంది ఏ కాలంలో?” అన్నాడు ఇస్త్రీ బాబాయి.

“ఎండాకాలంలో. మధ్యలో వానాకాలం కూడా వచ్చింది, మనం దాచడమెందుకు? బంతి మీద పాచి పట్టింది. అవతలి జట్టువాళ్ళు జాలిపడి నాకొక గొడుగు ఇవ్వబోయారు. ‘చేతులు ఖాళీ లేవు నాయనా’ అన్నాను. అయినా కదిలానా? కదలలేదు. ఓపిక అనేది మనిషికి చొక్కా లోపలి అస్తరులాంటిది, పైకి కనబడదు, అది లేకపోతే నిలబడదు.”

కాలర్ల అక్క ఆ మాటకు గట్టిగా తలూపింది. “వింటున్నారా?” అని జట్టువైపు తిరిగింది. “నేను రోజూ మొత్తుకునేది ఇదే. బంతి చేతికి రాగానే కంగారుపడి పక్కవాళ్ళకి ఇచ్చేయకూడదు. పట్టుకుని చూడాలి.”

జట్టులోని తక్కినవారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారిలో చిన్నది, చొక్కాలకు చేతులు కుట్టే అమ్మాయి, చల్లారిపోయిన టీని ఊదుకుంటూ కూర్చుంది.

నాయకురాలి మద్దతు దొరకడంతో మాస్టారికి ఉత్సాహం రెట్టింపైంది. గోడ గడియారం వైపు ఒక చూపు చూసి, బల్ల అంచుకు ఆనుకున్నారు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు అడ్డం నిలబడ్డ కుర్రాడికి వాళ్ళమ్మ సంబంధం చూసింది. ‘రారా, పిల్లని చూద్దువు గాని’ అంటుంది. ‘ఎలా రానమ్మా, నేను పక్కకి జరిగితే ఈయన వేసేస్తాడు’ అంటాడు వాడు. ఎంతకని ఆగుతారు? పెళ్ళికూతుర్నే తీసుకొచ్చారు ఆటస్థలంలోకి. ఒక చెయ్యి నాకు అడ్డం, ఇంకో చెయ్యి ఆ అమ్మాయి చేతిలో. ఫోటో తీశారు. వాళ్ళింటి గోడ మీద ఇప్పటికీ ఉంది. మధ్యలో నేను, బంతితో.”

“అయ్యో, ఎంత చక్కగా ఉంటుందో!” అంది గుండీల పిన్ని.

“ఉండవే,” అన్నాడు ఇస్త్రీ బాబాయి. “ఒరే, ఏళ్ళ తరబడి నువ్వు అక్కడ బంతి పట్టుకుని నిలబడితే, నా పెళ్ళికొచ్చి రెండుసార్లు వడ్డించుకున్న మనిషి ఎవడు?”

“నేనే. బంతితోనే వచ్చాను.”

“నేను చూడలేదే!”

“నువ్వు పెళ్ళికూతుర్ని చూస్తున్నావు. నా చేతిలో బంతి నీకెలా కనబడుతుంది?”

హాలు గొల్లుమంది. ఇస్త్రీ బాబాయి కూడా నవ్వాపుకోలేక ఇస్త్రీపెట్టెను నిలువుగా పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

“సరే, ఆ దంపతులకి ఒక బాబు పుట్టాడు. వాడు నా మోకాలు పట్టుకుని నడక నేర్చాడు. మొదట ‘అమ్మ’ అన్నాడు, తర్వాత నన్ను చూసి ‘మామయ్యా, వెయ్యవా?’ అన్నాడు. ఇదంతా ఒక ఎత్తు, రెఫరీ గారిది ఒక ఎత్తు. పాపం, విజిల్ నోట్లోంచి తియ్యడానికి లేదు కదా, ఎప్పుడు ఊదాల్సి వస్తుందోనని. భార్య ‘కూర వెయ్యనా’ అంటే కూత, ‘చాలా’ అంటే కూత. ఎన్ని కూతలంటే చాలో, ఎన్ని కూతలంటే ఇంకా కావాలో ఆవిడకి పట్టుబడేసరికి ఆయనకి వయసైపోయింది, రిటైరై...”

ఆ మాటను ఆయన కథలోకి రానివ్వదలుచుకోలేదు. టీ ఒక గుటక వేసి, దానిని దాటి పోయారు.

“...విజిల్ కొడుకు చేతిలో పెట్టాడు, పోనివ్వండి. నేను మాత్రం ఇక వేద్దామని మోకాళ్ళు వంచాను. తలెత్తి చూద్దును కదా, రింగులో పిట్టగూడు! పిట్ట గుడ్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఇప్పుడు వేస్తే మాకు గెలుపు, దానికి సంసారం పోయె. ఏం చెయ్యాలి?”

“వెయ్యకండి,” అంది గుండీల పిన్ని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“వెయ్యలేదు తల్లీ. ఆగాను. గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలకి రెక్కలొచ్చాయి, ఒక్కొక్కటే ఎగిరిపోయాయి. ఆఖరిది మాత్రం వట్టి బద్ధకస్తురాలు, ఎగరదు. తల్లి చెప్పి చెప్పి విసిగిపోయింది. చివరికి నేనే నేర్పాల్సి వచ్చింది. చేతులు ఖాళీ లేవు కదా, చెవులు ఆడించి చూపించాను.”

“ఏదీ, ఆడించు,” అన్నాడు ఇస్త్రీ బాబాయి.

“ఇప్పుడు పిట్ట ఏది?”

ఆ జవాబుకు మళ్ళీ నవ్వులు లేచాయి. కానీ ఆ నవ్వుల మధ్యలోనే గుమ్మంలో గేటు కాపలా అతను ప్రత్యక్షమయ్యాడు. మెడలో తాడుకు విజిల్ వేలాడుతోంది. విరామం ముగియడానికి ఇంక ఎంతోసేపు లేదు. కాలర్ల అక్క గడియారం వైపు చూసి, కాపలా అతని వైపు చూసి, పెదవి కొరుక్కుంది. మాస్టారు ఆ చూపును గమనించారు. ఇంతవరకు పరిచిన గుడ్డ చాలదనీ, ఇంకొక తాను విప్పక తప్పదనీ గ్రహించారు.

“ఇంతకీ వేశారా, లేదా?” అని ఎవరో వెనుకనుంచి అడిగారు.

“వేశాను.” ఆయన స్వరం తగ్గించారు. “ఎక్కడికి వేశానో తెలుసా?”

“రింగులోకి.”

“అదే, అక్కడే అందరూ పొరపాటు పడతారు. ఉన్న రింగులోకి ఎవడైనా వేస్తాడు. నాయకుడన్నవాడికి ముందుచూపుండాలి. ఆ స్థలం మీద నుంచి రోడ్డు వేస్తారు, రింగు పీకేస్తారు అని నాకు ఎప్పుడో తెలిసిపోయింది. నేను వేసిన ఎత్తుకి బంతి పైకెళ్ళి, తిరిగి దిగేసరికి అక్కడ రింగుంటుందా? ఉండదు. అందుకని నేను ఇవాళ రింగున్న చోటికి వెయ్యలేదు. బంతి దిగేనాటికి రింగు ఎక్కడుండబోతోందో అక్కడికి వేశాను.”

గుమ్మంలో కాపలా అతని నోరు కూడా తెరుచుకుంది.

“ఉతికాక ఎంతుంటుందో దానికి కోసినట్టు,” అని గొణిగాడు ఇస్త్రీ బాబాయి, తనకు తెలియకుండానే.

“అదీ! పని తెలిసినవాడు కనుక పట్టుకున్నాడు,” అన్నారు మాస్టారు ఉదారంగా. “బంతి పోయింది, మబ్బు దాటింది, విమానంలో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు చూసి చేతులూపారు. ఇంకా పైకి పోయి చంద్రుడి అంచుకి తగిలింది. అక్కడ కనబడే మచ్చ దానిదే.”

“ఆ మచ్చ మా తాతలనాటినుంచీ ఉంది కదరా.”

“అది పాతది. నేను పక్కనున్నది చెబుతున్నాను.”

“మరి చివరికి ఎక్కడ దిగింది మాస్టారూ?” అని అడిగింది కాలర్ల అక్క. ఆమె గ్లాసు చేతిలోనే ఒరిగి టీ చుక్కలు నేల మీద పడుతున్నాయి, ఆమె చూసుకోలేదు.

మాస్టారు తొందరపడలేదు. జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒక్కొక్క మాట కొలిచినట్టు చెప్పారు.

“ఇంకా దిగలేదు.”

“ఆ!”

“ఆదివారం దిగుతుంది. మన పెరట్లో, రంగుల గది గోడకున్న రింగులో. లెక్క కట్టుకున్నాను. కాకపోతే ఆ సమయానికి ఎవరెక్కడ నిలబడాలి, ఎవరు పక్కకి తప్పుకోవాలి, ఇవన్నీ దగ్గరుండి చెప్పేవాడొకడు కావాలి. నాకేదో బెంచి మీద మోజని అనుకునేరు. లేదు. కానీ బంతి నాది, దాని మంచిచెడ్డలు నేను కాక ఎవరు చూస్తారు చెప్పండి?”

గుండీల పిన్ని చప్పట్లు కొట్టింది. గేటు కాపలా అతను, ఏమనుకున్నాడో ఏమో, విజిల్‌ను నెమ్మదిగా చొక్కాలోపలికి జారవిడిచాడు. కాలర్ల అక్క లేచి నిలబడింది. ఆమె ఏం చెప్పబోతోందో ఆమె మొహంలోనే ఉంది. మాస్టారు అప్పుడే బెంచి ఎక్కబోతున్నట్టు చొక్కా సర్దుకున్నారు.

“మాస్టారూ, నాకొక సందేహం,” అంది చేతులు కుట్టే అమ్మాయి.

“ఒకటేమిటమ్మా, పది అడుగు.”

“జట్టుకి ఐదుగురు కదా. మీరొకరు. మిగతా నలుగురూ ఏం చేస్తున్నారు?”

“ఎప్పుడు?”

“ఇంతసేపూ. ఎండాకాలం, వానాకాలం, పెళ్ళి, పిట్ట, చంద్రుడు. అవతలి జట్టు అబ్బాయికి పెళ్ళి చేశారు, కొడుకుని కూడా ఇచ్చారు. మన జట్టువాళ్ళు ఒక్కరూ కథలోకి రాలేదు.”

మాస్టారు కథంతా వెనక్కి తిప్పి వెతుక్కున్నారు. జనానికి దుప్పట్లు ఇచ్చారు, రెఫరీకి భార్యను ఇచ్చారు, పిట్టకు పిల్లలను ఇచ్చారు. ఆ నలుగురికి ఒక్క గుడ్డపీలిక కూడా మిగల్చలేదు. హాలు పొడవునా గుడ్డ పరిచి, అంతా కోసేసి, చొక్కాకు చేతులు కోయడం మరచిపోయానని చివర్లో తెలుసుకున్న కటింగ్ మాస్టారిలా ఆయన బల్లకేసి చూశారు. ఉద్యోగంలో అలాంటి పొరపాటు ఆయన ఎన్నడూ చేయలేదు.

“వాళ్ళూ... అక్కడే ఉన్నారు,” అన్నారు.

“ఏం చేస్తూ?”

“నిలబడి.”

“ఊరికే నిలబడ్డారా?”

“ఊరికే ఎందుకుంటారు? అరుస్తున్నారు.”

“ఏమని?”

సరైన అబద్ధం అందేలోపల నిజం నోటికి వచ్చేసింది.

“‘ఇటివ్వు’ అని.”

ఆ తర్వాత లేచిన నవ్వుకు కిటికీ అద్దాలు అదిరాయి. ఇస్త్రీ బాబాయి పొట్ట పట్టుకుని బల్ల మీదకి ఒరిగిపోయాడు. “ఇన్నేళ్ళూనా!” అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. “పెళ్ళయ్యేదాకా... పిల్లలు పుట్టేదాకా... ‘ఇటివ్వు, ఇటివ్వు’ అని... ఒరే, నీ ఓపిక కాదురా, వాళ్ళదీ ఓపిక!” గుండీల పిన్ని మాత్రం నవ్వలేదు. “పాపం, వాళ్ళకి గొడుగులైనా ఇచ్చారో లేదో,” అంది.

కాలర్ల అక్క కూడా మొదట నవ్వలేదు. చేతులు కుట్టే అమ్మాయి వైపు తిరిగింది.

“ఇది నన్నేగా?”

“మిమ్మల్ని కాదక్కా,” అంది ఆ అమ్మాయి. తర్వాత గ్లాసు కింద పెట్టి, “మిమ్మల్నే,” అంది. “పోయిన పోటీలో బంతి నా చేతికి ఒక్కసారి కూడా రాలేదు. నేనూ అరుస్తూనే ఉన్నాను.”

కాలర్ల అక్క మొహం ఎర్రబడింది. జట్టులోని తక్కినవారు నేల చూశారు. గంట మోగింది. అందరూ లేచి తమ తమ మెషిన్ల వైపు కదిలారు. గేటు కాపలా అతను విజిల్‌ను మళ్ళీ చొక్కా బయటికి తీసుకున్నాడు.

మాస్టారు సుద్దముక్క అందుకుని, ఎప్పుడో గీసేసిన గీత మీదనే మళ్ళీ గీస్తున్నారు. మొహం కనబడకుండా వంగి ఉండడానికి అది తప్ప మరొక పని దొరకలేదు. గేటు ఆయన కళ్ళముందే మూసుకుంది. ఇక ఇంట్లో గోడ గడియారానికి చెప్పుకోవలసిందే.

మేనేజరు గది వైపు బయలుదేరిన కాలర్ల అక్క సగం దారిలో ఆగి వెనక్కి వచ్చింది.

“మాస్టారూ, వాళ్ళెలా అరిచేవారు? ఒకసారి అరవండి.”

“ఎందుకమ్మా, ఇంకా నవ్వుకోవడానికా?”

“నవ్వను. అరవండి.”

ఆయన నిటారుగా నిలబడ్డారు. యాభై మెషిన్ల రొద మీదుగా మాట వినిపించడం జీవితమంతా అలవాటైన గొంతు అది.

“ఇటివ్వూ!”

పైకప్పు కింద కూర్చున్న పావురాలు లేచిపోయాయి. కుట్టుబల్లల దగ్గర ముగ్గురు తమ చేతిలో ఉన్న పనిని తెలియకుండానే పక్కవారికి అందించేశారు.

“చాలు,” అంది కాలర్ల అక్క. “ఆదివారం మీరు బెంచి మీద కూర్చోండి. బంతి నా చేతిలో ఎప్పుడు నిలిచిపోతే అప్పుడు ఆ మాట అరవండి. అదొక్కటే. ఇంకొక్క మాట మాట్లాడినా ఆ విజిల్ అతన్ని కూర్చోబెడతాను.”

“ఆట మొత్తానికి ఒక్క మాటా?” ఆయనకు నిజంగానే ఊపిరాడలేదు.

“ఒక్కటే.”

“చంద్రుడి సంగతి మధ్యలో కొంచెం...”

“వద్దు.”

ఆయన పరిచిన గుడ్డ వైపు చూశారు, గడియారం వైపు చూశారు, చేతులు కుట్టే అమ్మాయి వైపు చూశారు. ఆ అమ్మాయి మెషిన్ మీద వంగి నవ్వు దాచుకుంటోంది.

“సరే,” అన్నారు కోతల మాస్టారు. అంత పొట్టి జవాబు ఆయన నోట ఎవరూ విని ఉండలేదు.

ఆదివారం ఆయన మాట తప్పలేదు. ఒక్కోసారి పెదవులు వాటంతటవే కదిలేవి, మెడనరాలు ఉబికేవి, పక్కన కూర్చున్న ఇస్త్రీ బాబాయి ఆయన భుజం పట్టుకునేవాడు, ఆయన మింగేసేవారు. కానీ కాలర్ల అక్క చేతిలో బంతి రవ్వంతసేపు నిలిచిందంటే చాలు, పెరడంతా దద్దరిల్లేలా ఆ ఒక్క మాట వచ్చేది. ఆమె ఉలిక్కిపడి బంతిని వదిలేది. మొదట భయంతో వదిలింది, తర్వాత అలవాటుతో వదిలింది, చివరి భాగంలో ఆయన అరవకముందే ఇచ్చేసింది. చేతులు కుట్టే అమ్మాయి వేసిన బంతి రింగు అంచు మీద తిరిగి తిరిగి లోపలికి జారినప్పుడు, గుండీల పిన్ని ఆకాశం వైపు చూసి, “మాస్టారి బంతేనా?” అని అడిగింది. మాస్టారు తల అడ్డంగా ఊపారు. మాట్లాడకూడదు కదా.

వాళ్ళు ఓడిపోయారు. ఒకే ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయారు. ఆ రోజు ఐదుగురిలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారైనా రింగులో బంతి వేశారు. అలా అంతకు ముందెన్నడూ జరగలేదు. మర్నాటికి మాస్టారి గొంతు పూర్తిగా పోయింది. టీ వేళ గుసగుసగా చెబుతుంటే, వినడానికి హాలంతా బల్ల మీదికి వంగింది.

ఉద్యోగం ముగిసిన తర్వాతి వారం ఆయన ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది చెప్పుల కర్మాగారం మేనేజరు. గెలిచినది తామే అయినప్పటికీ, బంతి ఎప్పుడు ఎవరి చేతికి పోతుందో తెలియక తమ జట్టు ఆ రోజు పడిన అవస్థ ఇంతా అంతా కాదనీ, అందుకు కారణం బెంచి మీది పెద్దమనిషేనని అందరూ ముక్తకంఠంతో చెబుతున్నారనీ రాశారు. ఇకపై తమ జట్టుకు పెద్దగా ఉండవలసిందని కోరారు. తమ వద్ద బెంచి కాదు, చేతుల కుర్చీ ఉందన్నారు. చివర్లో మరొక వాక్యం చేర్చారు: “మీరు ఎంతసేపు మాట్లాడినా మా జట్టువారు ఓపికగా వింటారని హామీ ఇస్తున్నాను. దయచేసి త్వరగా జవాబు రాయగలరు.”

ఆయన ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివారు. “ఎవరు రాశారు?” అని భార్య వంటింట్లోంచి అడిగింది. చెబితే వీధి చివరిదాకా చెప్పుకోదగిన సంగతి. ఒక్క అంగుళం కూడా పెద్దదిగా కోయవలసిన అవసరం లేనిది. “ఎవరో,” అన్నారాయన. ఉత్తరాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చొక్కాల కర్మాగారం పెరట్లో జట్టు సాధనకు ఆలస్యమవుతోందని చెప్పులు వేసుకున్నారు.

ఆ ఉత్తరం సంగతి ఆయన ఎక్కడా ఎత్తలేదు. జవాబు కూడా రాయలేదు.